మూడు తెరలు, ఒక గొంతు: సురభి కమలాబాయి నటజీవితం – రాయలసీమ రంగస్థల నేపథ్యం

ఉపోద్ఘాతం

తోలుబొమ్మలాటకు కట్టే బట్టనూ, నాటకశాలలో లేచి పడే వస్త్రాన్నీ, సినిమా బొమ్మ పడే తెల్లని గుడ్డనూ తెలుగులో ‘తెర’ అనే పిలుస్తాం. మొదటి తెర వెనుక కళాకారులు దాగి ఉంటారు. రెండో తెర లేచినప్పుడు వారు కనబడతారు. మూడో తెరమీద వారి నీడ మాత్రమే ఆడుతుంది. ఈ మూడు తెరల చరిత్రను ఒకే వంశపరంపరలో చూపగల నటి సురభి కమలాబాయి (1907-1971).

సినిమా చరిత్రలు ఆమెను సాధారణంగా రెండు విషయాలతో పరిచయం చేస్తాయి. ఆమె రంగస్థలం మీదనే జన్మించారన్నది ఒకటి, తొలి తెలుగు టాకీలో కథానాయిక అన్నది మరొకటి. మొదటిది వింతగా, రెండోది రికార్డుగా మిగిలిపోవడంతో ఆమె నటనకు పునాది ఎక్కడ పడిందన్న ప్రశ్న వెనుకబడింది. తొలి టాకీకి కావలసిన స్త్రీ కంఠాన్ని రాయలసీమలోని కుటుంబ నాటకసమాజం అప్పటికే సిద్ధం చేసి ఉంచిందనీ, కమలాబాయి సినీజీవితపు ఎదుగుదల, మలుపు రెండూ ఆ కంఠం విలువతోనే ముడిపడి ఉన్నాయనీ ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

బొమ్మల తెర వెనుక

సురభి నాటకసమాజ మూలపురుషులు ఆరె మరాఠీ తోలుబొమ్మలాట కళాకారులు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ప్రదర్శించిన ‘కీచకవధ’తో ఈ సమాజ చరిత్ర మొదలవుతుంది. ఇదే సంప్రదాయానికి చెందిన బొమ్మలాట కుటుంబాలు ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో నేటికీ తోలుబొమ్మలు చేస్తూ, ఆడిస్తూ ఉన్నాయి.

కీచకవధ విరాటపర్వంలోని కథ. విరాటపర్వం చదివించినా, ఆడించినా వానలు కురుస్తాయన్న నమ్మకం ఈ మెట్టసీమలో బలమైనది. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కడప ప్రాంతాలను ఊడ్చిపెట్టి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. ఆ నమ్మకం వల్లనే గోవిందరావు ఈ కథను ఎంచుకున్నారని తీర్మానించలేం. అయితే కరువుసీమ ప్రేక్షకునికి విరాటపర్వం కేవలం వినోదం కాదన్న సంగతిని ఆ ప్రదర్శన ఆదరణను అంచనా వేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం మరొకటి ఉంది. తోలుబొమ్మలాట కుటుంబమంతా కలిసి ఆడే కళ. ద్రౌపదికి, సీతకు, మండోదరికి గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవారే. రాగం తీయడం, సంభాషణ పలకడం, తాళానికి తగినట్లు బొమ్మను నడపడం తల్లి నుంచి కూతురికి అబ్బే విద్యలు. తెర వెనుక పలికిన ఈ స్త్రీ కంఠం సురభివారి నాటకాలతో తెర ముందుకు వచ్చింది. తక్కిన నాటకసమాజాల్లో స్త్రీపాత్రలను పురుషులు ధరించడమే ఆచారంగా ఉన్న కాలంలో సురభివారు తమ ఇంటి స్త్రీలచేతనే ఆ పాత్రలు వేయించారు. స్థానం నరసింహారావు (1902-1971) స్త్రీపాత్రాభినయంతో ఆంధ్రదేశాన్ని ముగ్ధం చేస్తున్న రోజుల్లోనే ఆయన సమకాలికురాలైన కమలాబాయి స్త్రీపాత్రను స్త్రీగానే ధరించగలగడానికి ఈ కుటుంబ వ్యవస్థే ఆధారం.

జన్మవృత్తాంతం – దాని అర్థం

కమలాబాయి తల్లి వేణుబాయి దమయంతి పాత్ర ధరించి ఉండగా ప్రసవవేదన మొదలైందనీ, రంగస్థలం మీదనే బిడ్డ పుట్టిందనీ ప్రసిద్ధి. ఈ కథను చెప్పేవారు సాధారణంగా ప్రేక్షకుల ఆశ్చర్యం దగ్గర ఆగిపోతారు. నిండుచూలాలు పాత్ర ధరించి రంగస్థలం ఎక్కిందన్న విషయంపై దృష్టి నిలపరు. సురభి సమాజంలో సంసారం వేరు, వృత్తి వేరు కావు. ఊరూరా తిరిగే డేరాయే ఇల్లు. వంట, కాన్పు, పిల్లల పెంపకం, పద్యాల అభ్యాసం అన్నీ ఆ నీడలోనే జరగాలి. వేణుబాయి ప్రసవాన్ని దైవికమైన అద్భుతంగా కాక, విరామమెరుగని స్త్రీ శ్రమకు సాక్ష్యంగా చదవడం న్యాయం.

ఆ వాతావరణంలో పెరిగిన కమలాబాయి బాల్యంలోనే కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి పాత్రలు ధరించారు. ప్రహ్లాద పాత్రతో ఆమెకు కలిగిన ఈ తొలి పరిచయం తరువాతి కాలంలో మరో రూపంలో ఎదురవుతుంది.

బళ్లారి దారి

1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు ఉరవకొండ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. జిల్లా మారినా అనంతపురం-బళ్లారి దారి మీది ఈ ఊరికి బళ్లారితో రాకపోకలు తెగలేదు. అందుచేత బళ్లారి నాటకచరిత్రను పొరుగు రాష్ట్రపు విషయంగా కాక ఈ సీమ చరిత్రగానే చూడాలి.

‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ధర్మవరంలో జన్మించి, బళ్లారిలో సరసవినోదినీ సభను నడిపారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) తాడిపత్రిలో జన్మించారు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుబట్టి, విద్యావంతులైన స్త్రీలను రంగస్థలానికి ఆహ్వానించారు. అలా వచ్చినవారిలో కొమ్మూరి పద్మావతీదేవి ముఖ్యులు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన ‘రైతుబిడ్డ’ (1939)లో వారిద్దరూ నటించారు.

ఈ విధంగా రాయలసీమ నుంచి తెలుగు నటి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి సంస్కరణ దారి, రెండోది కులవృత్తి దారి. మొదటి దారిన వచ్చినవారి గురించి వ్యాసాలు, జ్ఞాపకాలు, ప్రశంసలు వెలువడ్డాయి. రెండో దారిన వచ్చినవారు అంతకుముందే రంగస్థలం మీద ఉన్నా, వారి రాకను ఎవరూ సంస్కరణగా లెక్కించలేదు. బతుకుతెరువు కోసం చేసిన పనికి ఆదర్శమన్న పేరు రాలేదు.

ప్రహ్లాదుడి నుంచి లీలావతికి

1931 మార్చి 14న విడుదలైన ‘ఆలం ఆరా’తో భారతీయ సినిమాకు మాట వచ్చింది. ఆ చిత్ర నిర్మాత అర్దెషీర్ ఇరానీ సంస్థ తరఫున హెచ్.ఎం.రెడ్డి తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ను రూపొందించారు. దానికి మూలం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. సురభివారు ఆడుతూ వచ్చిన ఆ నాటకాన్నే తెరకెక్కించారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడుగా, కమలాబాయి లీలావతిగా నటించారు. పాటలు చందాల కేశవదాసు రచించారు. చిన్ననాడు రంగస్థలంపై ప్రహ్లాదుడైన నటి తెరమీద ప్రహ్లాదుని తల్లి అయ్యారు.

నాడు నేపథ్యగానం లేదు. కెమెరా ముందు నిలిచినవారే పలకాలి, వారే పాడాలి. మూకీ చిత్రానికి రూపం చాలు. టాకీకి మాత్రం స్పష్టమైన ఉచ్చారణ, రాగజ్ఞానం, తడబడని ధారణ ఉన్న నటి అవసరం. పద్యాన్ని డేరా చివరివరకు వినిపించగల శిక్షణ కమలాబాయికి పుట్టింటి ఆస్తి. కనుక సినిమా ఆమెను ‘కనిపెట్టింది’ అనడం సరికాదు. బొమ్మలాట నుంచి తరతరాలుగా పెరిగిన విద్యను అది అరువు తెచ్చుకుంది.

‘తొలి’ అన్న బిరుదు మీదనే ఆమె ప్రాధాన్యాన్ని నిలపడంలోని ఇబ్బందిని ఈ చిత్రం విడుదల తేదీ వివాదమే తెలుపుతుంది. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం రాశారు. 1932 జనవరి 22న సెన్సారు పూర్తయి, అదే ఏడాది ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని రెంటాల జయదేవ పరిశోధన నిరూపించింది. దీనితో 1931 అక్టోబరులోనే వచ్చి, తమిళంతోపాటు తెలుగూ వినిపించిన ‘కాళిదాస్’ కాలక్రమంలో ముందుకు వెళ్లింది. పూర్తిగా తెలుగులో మాట్లాడిన మొదటి చిత్రమన్న గౌరవం ‘భక్త ప్రహ్లాద’కే నిలిచినా, తేదీలు మారితే ప్రాధాన్యం కదిలిపోయే చరిత్ర బలమైనది కాదు. కమలాబాయి స్థానానికి అంతకంటే గట్టి ఆధారం ఆమె వృత్తినైపుణ్యమే. సాగర్ సంస్థ కోసం సర్వోత్తమ్ బాదామి తీసిన ‘పాదుకా పట్టాభిషేకం’, ‘శకుంతల’ చిత్రాల్లో యడవల్లి సూర్యనారాయణ సరసన ఆమెనే ఎంపిక చేయడం ఇందుకు నిదర్శనం. బొంబాయిలో ఉంటూ ఆమె హిందీ చిత్రాల్లోనూ నటించారు.

కంఠం వేరైన కాలం

1940ల నుంచి నేపథ్యగానం క్రమంగా స్థిరపడింది. తెరమీద ఒకరు కనబడితే తెర వెనుక మరొకరు పాడసాగారు. తోలుబొమ్మలాటలో రూపం బొమ్మది, గొంతు మనిషిది. నేపథ్యగానం ఆ పాత విభజననే కొత్త యంత్రాలతో తిరిగి తెచ్చింది. పాడలేని రూపానికి తెరమీద చోటు దొరికింది కాని, పాడగల నటికి ఆ విద్య ప్రత్యేక అర్హతగా మిగలలేదు.

1951లో విడుదలైన ‘పాతాళభైరవి’లో కమలాబాయి తోటరాముని తల్లిగా కనబడతారు. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది. కథానాయిక తల్లిపాత్రకు మారడంలో వయసు పాత్ర ఉన్నదన్నది నిజమే. అయితే ఆమె తరం నటీమణులకు తొలినాడు అగ్రస్థానం ఇచ్చిన గాత్రవిద్యకు నాటి తెర మీద అవసరం తగ్గడం కూడా అంతే నిజం. ఆ చిత్ర దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రిలో జన్మించినవారు. ధర్మవరంవాసి నాటకంతో మొదలైన కమలాబాయి తెలుగు సినీప్రస్థానంలో ఆమెను నేటి ప్రేక్షకులు ఎక్కువగా గుర్తుపట్టే పాత్రను ఇచ్చినది కూడా ఈ సీమవారే.

ముగింపు

కమలాబాయి జీవితాన్ని వింతగానో రికార్డుగానో కాక వృత్తిచరిత్రగా చదివినప్పుడు మూడు విషయాలు తేటపడతాయి. తెలుగు టాకీకి తొలి స్త్రీ కంఠం తోలుబొమ్మలాట, కుటుంబ నాటకం కలిసిన సంప్రదాయం నుంచి అందింది. ఆ చరిత్రలో బొంబాయి, మద్రాసులతోపాటు సురభి, ధర్మవరం, తాడిపత్రి, బళ్లారి కూడా చేరాలి. సంస్కరణ దారిన వచ్చిన నటీమణులకు ఇచ్చిన గౌరవమే పొట్టకూటికి పద్యం పాడిన నటీమణులకూ దక్కాలి.

కమలాబాయి పేరులోని ‘సురభి’ ఆమె ఇంటిపేరు కాదు, ఒక ఊరి పేరు. సమాజంలోని స్త్రీలు ఆ పేరును తమ పేర్లకు ముందు నిలుపుకొన్నారు. వారిలో కొందరినే చరిత్ర పేరు పెట్టి పిలిచింది. వేణుబాయి వంటివారు కూతురి జన్మవృత్తాంతంలో మాత్రమే కనబడుతున్నారు. నిమ్మలకుంట వంటి ఊళ్లలో బొమ్మలకు గొంతునిచ్చిన స్త్రీల స్మృతులను వారి మాటల్లోనే నమోదు చేయడం ఈ దిశలో తరువాత జరగవలసిన పరిశోధన.