రెక్క వెనకంచు పంపకం

విమానం రెక్కకు వెనుకవైపున ఉండే అంచు మీద ఒక శతాబ్దానికి పైగా రెండు అవసరాలు పోటీ పడుతూ వచ్చాయి. ఒకటి విమానాన్ని ఎడమకో కుడికో ఒరిగించి మలుపు తిప్పడం, రెండోది తక్కువ వేగంలోనూ అది గాలిలో నిలిచేలా రెక్కకు అదనపు బలం సమకూర్చడం. మొదటి పని చేసే కదిలే పలకను ఐలరాన్ అనీ, రెండో పని చేసేదాన్ని ఫ్లాప్ అనీ అంటారు. ఎడమ ఐలరాన్ పైకి లేస్తే కుడిది కిందికి దిగుతుంది. ఫ్లాపులు మాత్రం రెండు వైపులా ఒకేసారి, ఒకే మేరకు దిగుతాయి. విమానం నడుముకు ఎంత దూరంగా ఉంటే ఐలరాన్‌కు అంత పట్టు దొరుకుతుంది కాబట్టి దానికి రెక్క కొస కావాలి, ఫ్లాప్‌కు వీలైతే అంచు మొత్తం కావాలి. ఉమ్మడి ఆస్తి లాంటి ఈ అంచును ఏ తరం ఇంజనీర్లు ఎలా పంచారన్నదే చాలావరకు రెక్క చరిత్ర.

ఒరుగుడును అదుపు చేసే పలకల ఊహ విమానం కంటే పాతది. 1868లో ఇంగ్లండుకు చెందిన మాథ్యూ పియర్స్ వాట్ బౌల్టన్ అలాంటి పలకలకు పేటెంట్ పొందాడు గాని, ఎగిరే యంత్రమే లేని కాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం వింత కాదు. డేటన్ పట్టణంలో సైకిళ్లు తయారుచేసి అమ్మే రైట్ సోదరులు 1899లో ఒక గాలిపటం మీద పరీక్షించినది వేరే పద్ధతి: వారు రెక్కకు పలకలు తగిలించకుండా, తాళ్లతో లాగి రెక్కనే మెలితిప్పారు. తర్వాత గ్లైడర్లతో చేసిన ప్రయోగాల్లో వారికి ఒక చిక్కు ఎదురైంది. కిందికి వంగిన వెనకంచు ఆ వైపు రెక్కను పైకెత్తడంతో పాటు గాలి అడ్డును కూడా పెంచుతుంది. అందుచేత విమానం ఒరిగిన దిక్కుకే తిరగవలసింది పోయి, దాని ముక్కు ఎదురు దిక్కుకు మళ్లుతుంది. 1902లో తోకలోని నిలువు చుక్కానిని కదిలేలా చేసి, రెక్క మెలికతో జతపరచి వారు ఆ చిక్కు విడదీశారు. 1903 డిసెంబర్ 17న విమానాన్ని ఎగరేసిన ఇంజన్ కంటే ఈ జంట అదుపే వారి అసలు ఆవిష్కరణ అనవచ్చు; 1906లో అమెరికాలో వారికి దక్కిన పేటెంట్ కూడా ఇంజన్‌కు కాదు, ఈ అదుపుకే.

అయితే మెలితిరిగే రెక్క మెత్తగా ఉండాలి, మెత్తని రెక్క పెద్ద బరువులు మోయలేదు. ఫ్రాన్సులో రాబర్ట్ ఎస్నో-పెల్‌తెరి 1904లోనే తన గ్లైడర్‌కు విడి పలకలు అమర్చాడు. టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1907లో నెలకొల్పిన బృందం 1908లో తయారుచేసిన కొన్ని విమానాల రెక్కల కొసల్లో ఐలరాన్లు ఉన్నాయి. వాటిలో జూన్ బగ్ అనేదాన్ని ఆ ఏడు జులై 4న ఆ బృంద సభ్యుడు గ్లెన్ కర్టిస్ ఒక కిలోమీటరుకు పైగా బహిరంగంగా నడిపాడు. రెక్కను మెలితిప్పినా పలకను కదిపినా సూత్రం ఒకటే గనుక తమ పేటెంట్ రెంటికీ వర్తిస్తుందని రైట్ సోదరులు కర్టిస్ మీద దావా వేశారు. కర్టిస్ కొన్ని విమానాల్లో ఐలరాన్లను పై రెక్కకూ కింది రెక్కకూ నడుమ విడిగా బిగించాడు గాని, 1914లో అమెరికా అప్పీలు న్యాయస్థానం రైట్ పక్షానే తీర్పు చెప్పింది. 1917లో యుద్ధ అవసరం పేటెంట్లన్నిటినీ ఒక ఉమ్మడి సంస్థ కిందికి చేర్చి తగువు ముగించింది. ఆలోగా ఆన్రి ఫార్మాన్ 1909 విమానంలో వెనకంచుకే కీలుతో బిగించిన ఐలరాన్ ఐరోపాలో స్థిరపడిపోయింది.

ఫ్లాప్ కథ ఇంత రచ్చ లేకుండా, దాదాపు ఎవరికీ అక్కర లేకుండా మొదలైంది. 1914లో ఫార్న్‌బరోలో తయారైన ఎస్.ఇ.4 అనే బ్రిటిష్ విమానానికి వెనకంచు పొడవునా పలకలుండేవి. అవే ఎదురెదురుగా కదిలితే ఐలరాన్లు, కలిసి దిగితే ఫ్లాపులు. ఫెయిరీ సంస్థ కూడా హాంబుల్ బేబీ అనే నీటివిమానంలో ఈ ఏర్పాటే వాడింది. పంపకం లేని ఉమ్మడి అనుభవం అది. కాని తేలికైన ఆనాటి రెండంతస్తుల రెక్కల విమానాలు ఎలాగూ నెమ్మదిగానే దిగేవి కనుక, ఆ సదుపాయం కోసం అదనపు బరువు మోయడానికి ఎక్కువమంది ఇష్టపడలేదు.

ఆ అవసరాన్ని పుట్టించింది 1930లలో లోహంతో చేసిన, ఒకే జత రెక్కలున్న ప్రయాణిక విమానం. రెక్క పుట్టించే ఎత్తుబలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. వేగంగా ఎగరడానికి రెక్కను చిన్నది చేస్తే, నేలకు దిగేటప్పుడు ఆ లోటును రెక్క వంపు పెంచి పూడ్చుకోవాలి. 1933 నాటి బోయింగ్ 247కు ఫ్లాపులు లేవు, దిగేటప్పుడు అది రన్‌వే మీద గ్లైడర్‌లా తేలుతూ పోయేది. అదే ఏడు ఎగిరిన డగ్లస్ డి.సి.-1కూ, 1935 నాటి డి.సి.-3కూ రెక్క అడుగుభాగం మాత్రమే తలుపులా తెరుచుకునే చీలిక ఫ్లాపులు అమర్చారు. ఆర్విల్ రైట్ మరొకరితో కలిసి 1924లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. అది బలం కంటే గాలి అడ్డునే ఎక్కువగా పెంచుతుంది కాబట్టి డి.సి.-3 మామూలుగా ఫ్లాపులు దించకుండానే నేల విడిచి, దిగేటప్పుడే వాటిని వాడుకునేది. బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు, అంటే ఇవే డి.సి.-3లు, హైదరాబాదులో ఈ తరం ఫ్లాపులతోనే దిగేవి.

టేకాఫ్‌కు కూడా పనికొచ్చే ఫ్లాప్ అమెరికన్ ఇంజనీరు హార్లన్ ఫౌలర్ ఊహలోనిది. అది వంగడానికి ముందు పట్టాల మీద వెనక్కి జరిగి, రెక్క వైశాల్యాన్నే పెంచుతుంది; 1937లో ఎగిరిన లాక్‌హీడ్ 14 దాన్ని ప్రయాణిక విమానాల్లోకి తెచ్చింది. దీనికి తోడైనది సందు. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్క పైతలాన్ని అంటిపెట్టుకోలేక విడిపోతుంది, దాన్నే స్టాల్ అంటారు. గుస్టాఫ్ లాఖ్‌మన్ అనే జర్మన్ పైలట్ 1917లో స్టాల్ వల్ల కూలి, ఆసుపత్రిలో పడి ఉండగా, రెక్కలో సందు విడిచి కింది గాలిని పైకి పంపితే ఆ ప్రమాదం వెనక్కి జరుగుతుందని ఊహించాడు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాండ్లీ పేజ్ అదే నిర్ణయానికి విడిగా వచ్చాడు. నేటి రెక్కల ముందంచున జారే స్లాట్‌లు, ఫ్లాపుల మధ్య సందులు ఈ ఇద్దరి వారసత్వమే.

జెట్ యుగంలో పంపకం మళ్లీ చెడింది. బి-47 బాంబరు సన్నని వాలు రెక్క కొసన ఐలరాన్ కదిలితే, హెచ్చు వేగంలో ఆ బలానికి రెక్కే ఎదురు మెలిక తిరిగి ఐలరాన్‌ను నిర్వీర్యం చేసేది. రైట్ సోదరులకు వరమైన మెలిక ఇక్కడ శాపమైంది. అందుకే బోయింగ్ 707లో ఐలరాన్లను రెండుగా విడదీశారు: లోపలిది ఎల్లప్పుడూ పనిచేస్తుంది, కొసన ఉన్నది ఫ్లాపులు దిగినప్పుడే, అంటే నెమ్మది వేగంలోనే విడుదలవుతుంది. రెక్క పైన లేచే స్పాయిలర్లు ఒరుగుడులో సాయం చేసి, చక్రాలు నేల తాకాక మిగిలిన ఎత్తుబలాన్ని చంపుతాయి. ఇలా ఐలరాన్ అడిగే చోటు తగ్గగా, ఫ్లాపు ఆశ పెరిగింది. న్యూయార్క్‌లోని లగార్డియా లాంటి పొట్టి రన్‌వేల కోసం రూపొంది 1963లో ఎగిరిన 727కు మూడు సందుల ఫ్లాపులు పెట్టారు. వాటిని పూర్తిగా దించితే విమానం ఎంత నిటారుగా దిగేదంటే, 1965 నవంబర్‌లో సాల్ట్ లేక్ సిటీలో ఇంజన్ల శక్తిని సకాలంలో పెంచకపోవడంతో ఒకటి నేలను మోదుకుంది.

దించడం మరిచినప్పుడు నష్టం ఇంకా పెద్దది. 1987 ఆగస్టులో డెట్రాయిట్‌లోనూ, 2008 ఆగస్టులో మాడ్రిడ్‌లోనూ ఒకే రకానికి చెందిన ఎం.డి.-82 విమానాలు ఫ్లాపులు దించకుండా టేకాఫ్‌కు పూనుకుని కూలాయి. రెండుచోట్లా హెచ్చరిక మోగలేదు, రెండుచోట్లా నూట యాభైమందికి పైగా మరణించారు. మొదట ఐచ్ఛిక సదుపాయంగా పుట్టిన పలక అప్పటికి బరువైన జెట్‌కు ప్రాణాధారమైపోయింది.

తీగలకు బదులు కంప్యూటర్ ఆజ్ఞలతో పలకలు కదలడం మొదలయ్యాక పాత హద్దు మసకబారింది. 1982 నాటి ఎయిర్‌బస్ ఎ310 కొస ఐలరాన్లను పూర్తిగా వదులుకుంది. ఎ320లో ఫ్లాపులు దిగగానే రెండు ఐలరాన్లూ కలిసి 5 డిగ్రీలు వాలి, ఆ వాలు నుంచే పైకీ కిందికీ కదులుతాయి. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడికి అవి ఏకకాలంలో దిగి, మళ్లీ విడివిడిగా ఆడడం కనిపించేది ఇందువల్లనే. బోయింగ్ 787లో ఫ్లాపుల నడుమ ఉన్న పలక రెండు పనులూ చేస్తుంది, ప్రయాణం మధ్యలో సైతం వెనకంచు స్వల్పంగా వంగి ఇంధనం ఆదా చేస్తుంది. ఎస్.ఇ.4 నాటి ఉమ్మడి ఏర్పాటు, ఆ కదలికలన్నిటినీ క్షణక్షణం లెక్కగట్టి నడపగల సాధనం దొరికాక, జెట్ రెక్క మీదికి తిరిగి వచ్చింది.