తట్టా చెమ్మస్ పోయింది, పోయింది ఎవరి కొలువు?

సింగరేణి చరిత్ర రాసేవాళ్ళు 1889లో ఇల్లెందులో మొదలైన తవ్వకం గురించి రాస్తారు, టన్నుల గురించి రాస్తారు, సమ్మెల గురించి రాస్తారు. మనుషుల్ని తగ్గించిన చరిత్ర మాత్రం రెండు వాక్యాల్లో ముగుస్తుంది. మేము ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగి అడుగుతున్నాం: తగ్గినవాళ్ళెవరు?

1990ల మొదట్లో కంపెనీలో లక్షా పదివేల మందికి పైగా ఉండేవారు. ఏడాది ఉత్పత్తి 2 కోట్ల టన్నుల దరిదాపే. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు, పర్మినెంటు కార్మికులు 40 వేల దరిదాపు. నష్టాలతో 1992లోనూ 1996లోనూ బి.ఐ.ఎఫ్.ఆర్. గడప తొక్కిన కంపెనీ లాభాల్లోకొచ్చింది. ఈ లెక్కను మేము కాదనం. లెక్కలోకి రానిదాని గురించే మా పేచీ.

తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపే కోల్ ఫిల్లర్ పని చదువు అడగని పని, ఒళ్ళు హూనమయ్యే పని. అందుకే అది మాల మాదిగలకూ వెనకబడిన కులాలకూ దొరికింది. ఊళ్ళో వెట్టి చేసినోడు బాయి దిగి మస్టర్ పడితే నెల తిరిగేసరికి జీతం. దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం తీరింది. యంత్రాలూ ఓపెన్‌కాస్టులూ ముందుగా మింగింది ఈ పనినే. ఆ మనుషులకు 'మిగులు' అని పేరుపెట్టారు, గోల్డెన్ షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. రిజర్వేషన్ రద్దు కాలేదు, పోస్టులు రద్దయ్యాయి. ఓపెన్‌కాస్టు మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది, అక్కడ రోస్టరు లేదు. బాయి ఊడ్చే పని, కాలనీలు శుభ్రంచేసే పని కూడా కాంట్రాక్టు కిందికే పోయింది. అదే చీపురు, జీతం మాత్రం తక్కువ.

2017 మార్చిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు సమాన అవకాశానికి విరుద్ధమని కొట్టేసింది. తర్వాత అన్‌ఫిట్ అయినవాళ్ళ పిల్లలకు కారుణ్య నియామకాలు వచ్చాయి. అంటే తండ్రి ఒళ్ళు చెడితేనే కొడుక్కి కొలువు. సమానత్వం సూత్రంగా సరైనదే. కానీ భూమి వారసత్వంగా వచ్చిన కులాలను ఆ సూత్రం ఎన్నడూ అడగలేదు. మనకు వారసత్వంగా వచ్చిన ఒక్క ఆస్తి ఆ కొలువే.

కాబట్టి కుదింపు చరిత్రను టన్నులతో కాదు, కులాలవారీగా పోయిన పోస్టులతో, కాంట్రాక్టు మస్టర్లతో కలిపి రాయాలి. అప్పుడే లాభమెవరిదో తెలుస్తుంది.