అరుగు: వీధి కోసం కట్టిన కుర్చీ

ఈ ఎపిసోడ్ ఇంటి ముందు భాగం గురించి. ఇప్పుడు ఏ ఊళ్లో ఇల్లు కట్టినా మొదట వచ్చే మాట "ఎలివేషన్". గ్రానైట్ ఎక్కడ, స్టీల్ రెయిలింగ్ ఎక్కడ, గేటు డిజైన్ ఏంటి అని రీల్స్ చూసి సెలెక్ట్ చేసుకుంటున్నాం. అమెరికా రియల్ ఎస్టేట్ వాళ్లు దీన్ని "కర్బ్ అప్పీల్" అంటారు. అంటే రోడ్డు మీద నిలబడి చూసినప్పుడు ఇల్లు ఎంత బాగా కనిపిస్తుందనేది లెక్క.

మా గోదావరి వైపు ఇంటి ముందు భాగానికి అంతకంటే పాత లెక్క ఒకటుంది. దాని పేరు అరుగు. వీధిలో వెళ్లేవాడు చూసి మెచ్చుకోవడంతో ఆగకుండా, వచ్చి కూర్చోవడానికి కూడా కట్టేవాళ్లు. ఆ కూర్చునే చోటు ఎలా వచ్చింది, ఎవరికి దక్కింది, ఎలా పోతోంది అనేదే ఈరోజు మన కథ. మా ఊరు ద్రాక్షారామం కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే చెప్తాను.

ముందు ఒక చిన్న మాట చరిత్ర. బ్రిటిష్ వాళ్ల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లీషులో అరుగుని "పియల్" అనేవాళ్లు. విల్సన్ అనే పండితుడు ఇది తెలుగు మాటేమో అనుకున్నాడు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మాత్రం ఇది పోర్చుగీసు మాట నుంచి వచ్చిందని చెప్పింది. అంటే పోర్చుగీసు వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషు వాళ్లు తీసుకుని మన ఇళ్లకి అంటించిన పేరన్నమాట. వస్తువు మాత్రం పక్కా మనది. తమిళంలో తిణ్ణై, కన్నడలో జగలి, మనకి అరుగు. దక్షిణాదిలో ఎటు వెళ్లినా ఇంటి ముందు ఇది ఉండేది.

ఇప్పుడు ఇంజినీరింగ్ చూద్దాం. నేను చదివింది బీటెక్ కంప్యూటర్స్, సివిల్ కాదు. కానీ ఇది అర్థం కావడానికి సివిల్ అక్కర్లేదు. డెల్టా నేల చాలా చోట్ల నల్లరేగడి. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం ఎండి నెర్రెలిస్తుంది. గోడ అడుగున మట్టి అలా ఉబ్బుతూ కుంగుతూ ఉంటే గోడ బీటలు వారుతుంది. అరుగు ఆ గోడ పాదానికి అడ్డంగా రెండు మూడు అడుగుల వెడల్పున ఉంటుంది. పైన పెంకుల చూరు ఆ అరుగుని దాటి ముందుకొస్తుంది. చూరు నీళ్లు గోడకి దూరంగా పడతాయి, గోడ మొదలు పొడిగా ఉంటుంది. దీన్నే ఇప్పటి సివిల్ ఇంజినీర్లు "ప్లింత్ ప్రొటెక్షన్" అంటారు. మట్టి అరుగైతే పేడతో అలికేవాళ్లు, కలిగినవాళ్లయితే ఇటుక కట్టి సున్నం వేయించేవాళ్లు.

గోడకి కాపలాగా ఉన్నది మనిషికి కుర్చీ కూడా అయింది. మా ఇంటి పాత అరుగుని టేపు పెట్టి కొలిచాను. ఇంటి గచ్చు నుంచి 18 అంగుళాల ఎత్తు. ఇప్పుడు మీరు కూర్చున్న కుర్చీ కొలవండి, ఇంచుమించు అంతే ఉంటుంది.

మరి ఆ కుర్చీ మీద ఏం జరిగేది? మొదటిది, బడి. వీధి బడి అనే మాట విన్నారు కదా. పంతులు గారు ఒక అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఇసకలో అక్షరాలు దిద్దించేవారు. ఇంగ్లీషు రికార్డుల్లో వీటి పేరే "పియల్ స్కూల్స్". 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ రాశాడు. 1826లో తేలిన లెక్క 12,498. అన్నీ అరుగుల మీదే నడిచాయని కాదు. గుడి మండపాల్లో, చెట్ల కింద, పంతులు గారి ఇంట్లో కూడా నడిచేవి. కానీ బడికంటూ విడిగా బిల్డింగ్ లేని రోజుల్లో అరుగే రెడీమేడ్ క్లాస్‌రూమ్. 1848లో రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం గారి చదువు కూడా వీధి బడిలోనే మొదలైంది.

రెండోది, దారిన పోయేవాళ్ల విశ్రాంతి. ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి. ఇక్కడి భీమేశ్వరాలయం తూర్పు చాళుక్యుల కాలం నాటిది, వెయ్యేళ్ల పైమాట. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రం మీదే. ఇప్పుడు కార్తీక మాసంలో బస్సెక్కి అయిదు ఆరామాలూ ఒక్కరోజులో చుట్టేస్తున్నారు. బస్సులు లేనప్పుడు జనం నడిచి, బళ్ల మీద, కాలువల్లో పడవల మీద వచ్చేవాళ్లు. అలా వచ్చినవాళ్లు గుడి చుట్టుపక్కల అరుగుల మీద మూట దింపి నడుం వాల్చేవారని మా మామ్మ చెప్తుంది. తలుపు కొట్టి అడగక్కర్లేదు. మంచినీళ్లు కావాలంటే మాత్రం పిలిచేవాళ్లట.

ఇక్కడ ఆగాలి ఫ్రెండ్స్. "ఆ రోజులే బంగారం" అని చెప్పి వీడియో అయిపోగొట్టొచ్చు. అది సగం కథే అవుతుంది.

అరుగు అందరికీ కుర్చీ కాదు. ఎవరు పైన కూర్చోవాలి, ఎవరు మెట్టు మీద ఆగాలి, ఎవరు కింద వీధిలో నిలబడి చేతులు కట్టుకుని మాట్లాడాలి అనేది కులం నిర్ణయించేది. పాలేరు కూలి లెక్క అడగడానికి వస్తే కిందే నిలబడేవాడు. దళితులు అరుగెక్కడం అటుంచి, చెప్పులేసుకుని ఆ వీధిలో నడవడానికి వీల్లేని ఊళ్లుండేవి. మన్రో లెక్క తీయించిన బడుల్లో ఆడపిల్లల సంఖ్య కూడా చాలా తక్కువ. చాలా ఇళ్లల్లో పగలు వీధి అరుగు మగవాళ్లది, పెరటి అరుగు ఆడవాళ్లది. ఒకటిన్నర అడుగు ఎత్తులో ఊరి మొత్తం ఆర్డర్ కనిపించేది.

దర్జా చూపించుకోవడం కూడా ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత డెల్టా వరి పొలాలకి కాలవ నీళ్లొచ్చాయి. ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ అని మీకు తెలుసు. పంటతో డబ్బొచ్చింది. ఆ కాలవల మీదే పడవల్లో సరుకూ నడిచింది. ఏజెన్సీ అడవుల కలప గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగేది. బర్మా టేకు ఓడల మీద వచ్చేది. 1860ల్లో మంగళూరులో మొదలైన మిషన్ పెంకు తర్వాత కాలంలో దక్షిణాదంతా పాకింది. మీరు కోనసీమ డ్రోన్ షాట్స్‌లో చూసే మండువా లోగిళ్లు, చెక్కడం పని చేసిన స్తంభాలు, పొడవాటి వీధి అరుగులు ఆ డబ్బుకి గుర్తులే. అదీ ఎలివేషనే. తేడా ఒక్కటే. షో చేసుకున్న చోటే నలుగురూ కూర్చునేవాళ్లు కూడా.

మరి అరుగు ఎందుకు పోతోంది? ఎవరో పనిగట్టుకుని తీసేయలేదు. స్లాబు వచ్చాక చూరు అవసరం తగ్గింది. గల్ఫ్ వెళ్లినవాళ్లు పంపిన డబ్బుతో పెంకుటిళ్లు డాబాలయ్యాయి. టీవీ మనుషుల్ని లోపలికి పిలిచింది, ఏసీ తలుపులు వేయించింది. బైక్ వచ్చింది, దానికి ర్యాంపు కావాలి. కారొస్తే అరుగంత చోటూ కావాలి. అన్నిటికంటే సైలెంట్‌గా పని చేసింది రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సిమెంటు రోడ్డు వేస్తే ప్రతిసారీ వీధి కొన్ని అంగుళాలు లేస్తుంది. ఇల్లు అక్కడే ఉంటుంది, అరుగు పల్లంలోకి వెళ్తుంది. వాన పడితే వీధి నీళ్లు దాని మీదకే.

ఇది మన ఒక్కరికే జరగలేదు. అమెరికాలో కూడా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు, టీవీలు, ఏసీలు పెరిగాక ముందు పోర్చ్ చిన్నదైపోయింది, గ్యారేజీ ముందుకొచ్చింది. 1961లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి నగరాల మీద పుస్తకం రాస్తూ, వీధిని కాపాడేది వీధి మీద ఉండే కళ్లు అని వాదించింది. మా మామ్మకి జేన్ జేకబ్స్ తెలియదు. కానీ మా వీధిలో ఏ ఇంటికి ఎవరొచ్చారో, ఏ పిల్లాడు స్కూలుకి డుమ్మా కొట్టాడో ఆవిడకి తెలుసు. సీసీ కెమెరా రికార్డు చేస్తుంది కానీ "ఏరా, ఈ టైములో ఇక్కడున్నావేంటి" అని అడగదు కదా.

ఇంతకీ ఈ టాపిక్ ఎందుకు తీశానంటే, మా ఇంటి ముందు భాగం ఇప్పుడు రిపేరుకొచ్చింది. మేస్త్రి గారు చూసి, "ఆయ్, ఈ అరుగు తీసేస్తే కారు పట్టేస్తుందండి" అన్నారు. నాన్నగారికి కారు నీడన ఉండాలి. ఆయన మాటలో న్యాయం ఉంది, వీధిలో పెడితే వ్యాను తిరగదు. మామ్మకి ఎనభై దాటాయి. మోకాళ్ల వల్ల గుడి దాకా కూడా నడవలేదు. సాయంత్రం అయిదింటికి ఆవిడ అరుగు మీద కూర్చుంటే నలుగురు వచ్చి పలకరిస్తారు. అరుగు తీస్తే మనకి పోయేది ఒక సిమెంటు దిమ్మ, ఆవిడకి పోయేది ఊరు.

చివరికి ప్లాన్ ఇలా గీయించాం. గుమ్మానికి ఒక పక్క అరుగు తీసి కారుకిస్తున్నాం. రెండో పక్క అరుగు ఉంచి, లేచిన రోడ్డుకి తగ్గట్టు ఎత్తు పెంచుతున్నాం. పైన రేకు నీడ, మెట్టు పక్కన పట్టుకోవడానికి రాడ్డు, ఒక లైటు. జారకుండా గ్రానైట్ పాలిష్ వద్దన్నాం. ప్రహరీ గోడ ఆ వైపు కట్టట్లేదు. గేటు లోపల పెట్టిన అరుగు వరండా అవుతుంది, వీధి అరుగు అవ్వదు. పెద్ద ఎలివేషన్ కంటే ఖర్చు తక్కువే అవుతోంది.

మీ ఇంట్లో కూడా ముందు భాగం మార్చే ప్లాన్ ఉంటే, డిజైన్ ఫోటోలు చూసే ముందు ఇంట్లో పెద్దవాళ్లని రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, మన అరుగు మీద అప్పట్లో ఎవరెవరు కూర్చునేవారు? రెండు, ఎవర్ని కూర్చోనిచ్చేవాళ్లం కాదు? రెండో దానికి సమాధానం చెప్పడానికి కాస్త ఇబ్బంది పడతారు, అయినా అడగండి. మళ్లీ అరుగు కట్టుకునే ఛాన్స్ మనకొస్తే ఆ ఒక్క రూల్ మాత్రం పాతది వద్దు. కొరియర్ అబ్బాయైనా, చెత్త బండి అక్కైనా, ఎండలో వచ్చినవాళ్లు ఎవరైనా అడక్కుండా కూర్చోగలగాలి.

వచ్చే ఎపిసోడ్‌లో పెరటి వైపు వెళ్దాం, నుయ్యి గురించి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.