తీవ్ర నేరాల శిక్షల సమీక్షలో డి.ఎన్.ఏ. సాక్ష్యం

హత్య, అత్యాచారం వంటి తీవ్ర నేరాలలో సెషన్స్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో విచారణ క్రమం ముగియదు. నేరం రుజువైనదా, విధించిన శిక్ష తగినదా అనే రెండు ప్రశ్నలను పై న్యాయస్థానాలు విడివిడిగా పరిశీలిస్తాయి. మొదటి ప్రశ్నకు సమాధానం పలు కేసులలో డి.ఎన్.ఏ. నివేదికపై ఆధారపడుతున్నది. గతంలో నాచారంలోను, ప్రస్తుతం ఉప్పల్‌లోను పనిచేస్తున్న డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సి.డి.ఎఫ్.డి.) ఇటువంటి పరీక్షలు జరిపే సంస్థలలో ఒకటి. ఇది కేంద్ర జీవసాంకేతిక శాఖ పరిధిలోనిది.

మరణశిక్ష ధ్రువీకరణ

2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 407వ సెక్షను ప్రకారం, సెషన్స్ న్యాయస్థానం విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు చేయరాదు. దోషి అప్పీలు చేసుకోకపోయినా ఈ పరిశీలన తప్పనిసరి. హైకోర్టు అదనపు సాక్ష్యం స్వీకరించవచ్చు. శిక్షను ధ్రువీకరించవచ్చు, మార్చవచ్చు, లేదా నిందితుని నిర్దోషిగా విడుదల చేయవచ్చు.

2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల శిశువుపై జరిగిన అఘాయిత్యం, హత్య కేసులో వరంగల్ న్యాయస్థానం ఆగస్టు 8న మరణశిక్ష విధించింది. అదే సంవత్సరం నవంబరులో తెలంగాణ హైకోర్టు నేర నిర్ధారణను సమర్థిస్తూనే, శిక్షను తుదిశ్వాస వరకు జీవిత ఖైదుగా మార్చింది.

ఇందుకు భిన్నంగా, 2007లో విజయవాడ వసతిగృహంలో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్ష పడిన వ్యక్తిని 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతడు ఏళ్ల తరబడి జైలులో గడిపాడు.

నమూనాల భద్రత

ప్రయోగశాల నివేదిక ఎంత కచ్చితమైనదైనా, నమూనా సేకరణ నుండి పరీక్ష వరకు భద్రంగా ఉన్నట్లు రుజువు కావాలి. ఢిల్లీకి చెందిన చావ్లా కేసులో ముగ్గురికి పడిన మరణశిక్షను సుప్రీంకోర్టు 2022 నవంబరు 7న రద్దు చేసింది. నమూనాలు కొన్ని రోజులు పోలీసు మాల్‌ఖానాలోనే ఉండిపోవడాన్ని, డి.ఎన్.ఏ. ఫలితాల ప్రాతిపదికను కింది న్యాయస్థానాలు పరిశీలించకపోవడాన్ని ఆ తీర్పు ఎత్తిచూపింది. 2025 జులైలో తమిళనాడు కేసులో ఇచ్చిన తీర్పులో, నమూనాలను 48 గంటలలోగా ప్రయోగశాలకు చేర్చాలని, అవి ఎవరెవరి చేతులు మారినదీ రిజిస్టరులో నమోదు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఎవరు అప్పీలు చేయవచ్చు

దోషికి 415వ సెక్షను కింద అప్పీలు హక్కు ఉన్నది. శిక్ష చాలదని భావిస్తే ప్రభుత్వం 418వ సెక్షను కింద అప్పీలు చేయవచ్చు. అయితే దోషి వాదన వినకుండా శిక్ష పెంచరాదు. నిందితుని విడుదల, తక్కువ తీవ్రత గల నేరానికే శిక్ష, తగినంత పరిహారం అందకపోవడం అనే మూడు సందర్భాలలో బాధితులు అప్పీలు చేసుకోవచ్చు. కేవలం శిక్ష తక్కువన్న కారణంతో వారికి ఈ హక్కు లేదు.

మరణశిక్షపై రివ్యూ పిటిషన్‌ను కనీసం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం బహిరంగ న్యాయస్థానంలో వినాలని సుప్రీంకోర్టు 2014లో నిర్దేశించింది. రాజ్యాంగం 72, 161 అధికరణల కింద క్షమాభిక్ష ఇందుకు వేరైన ప్రక్రియ.

పాత్రికేయులకు సూచన

అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం నేరం. బాలల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షను వర్తిస్తుంది. తీర్పు వార్తలలో "నేర నిర్ధారణ", "శిక్ష", "ధ్రువీకరణ" అనే దశలను వేర్వేరుగా పేర్కొనవలసి ఉన్నది.