జేబులో ఎంత సంగీతము పట్టవలెను?

ప్రసారశాలలో పని చేయు మాకు గోడగడియారమే పెద్ద యజమాని. గాయకుడు రాగమును ఎంత హృద్యముగా విస్తరించుచున్నను, నిర్ణీత సమయము ముగియగానే ఎఱ్ఱదీపము ఆరవలసినదే. అందుచేత జేబులో పెట్టుకొని వినదగిన సంగీతయంత్రమును కొనబోవువారు 4 గిగాబైట్లు చాలునా, 160 కావలెనా అని తర్కించుకొనుట చూచినప్పుడు, ఆ ప్రశ్న మాకు మిక్కిలి పాతదిగనే తోచినది. సంగీతమునకు ఎంత చోటు కావలెనను చర్చకు నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును నిర్మించెను. దానివెనుక వ్యాప్తిలోనికి వచ్చిన మైనపు గొట్టములలో సుమారు రెండు నిమిషముల ధ్వని మాత్రమే నిలిచెడిది. తరువాత బెర్లినర్ కనిపెట్టిన గుండ్రని పలక వచ్చినది. పది అంగుళముల పలకకు ఒక్కొక్క వైపున దాదాపు మూడు నిమిషములు పట్టెడివి. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గానమును రికార్డు చేసినప్పుడు, గంటసేపు పాడదగిన సంగీతము ఆ మూడు నిమిషములలో ఇమడవలసి వచ్చినది. దక్షిణదేశపు విద్వాంసులకును ఇదే ఇబ్బంది కలిగినది. ఆలాపనను కుదించి, నెరవును విడిచి, స్వరకల్పనను నాలుగు ఆవర్తములతో ముగించి కృతిని పూర్తి చేయవలసి వచ్చెడిది. మన నాటకపద్యములకు మాత్రము ఈ కొలత చక్కగా అమరినది. పద్యము, దాని రాగము కలిసి ఒక వైపునకు సరిపోయెడివి. పెట్టె చిన్నదైనప్పుడు ఏది మిగులవలెనో పెట్టెయే నిర్ణయించును. ఈ మాట జ్ఞాపకముంచుకొందము.

1948లో కొలంబియా కంపెనీవారి లాంగ్ ప్లే రికార్డు వచ్చినది. దానితో ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా సంగీతము దొరికినది. 1963లో ఫిలిప్స్ వారు క్యాసెట్టును ప్రవేశపెట్టిరి. అరువది, తొంబది నిమిషముల టేపులు క్రమముగా ఇంటింటికి చేరినవి. 1979లో సోనీ వాక్‌మన్ వెలువడినది. సంగీతము శ్రోతతో కలిసి నడువసాగినది. ప్రయాణమునకు బయలుదేరునప్పుడు సంచిలో ఏ నాలుగు క్యాసెట్లు వేసికొనవలెనను ఆలోచన అప్పుడే పుట్టినది.

1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు ధ్వనిని అంకెలుగా మార్చినది. సెకండునకు 44,100 పర్యాయములు ధ్వనిని కొలిచి వ్రాసికొనుటచే ఒక్క నిమిషపు సంగీతమునకే పది మెగాబైట్లకు పైగా చోటు కావలసి వచ్చినది. పెద్ద ధ్వని మ్రోగుచున్నప్పుడు దాని చెంతనున్న చిన్న ధ్వనిని మన చెవి గ్రహింపజాలదు. ఈ సూత్రమును ఆధారము చేసికొని జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారును, మరికొందరు ఇంజినీర్లును ఎంపీత్రీ పద్ధతిని రూపొందించిరి. 128 కిలోబిట్ల ప్రమాణమున నిమిషమునకు ఒక మెగాబైటు చాలినది.

1998లో కొరియానుండి ఎంపీమాన్ అను జేబుయంత్రము వచ్చినది. దానిలోని చోటు 32 మెగాబైట్లు; అనగా అరగంట సంగీతము. ముప్పది ఐదేండ్ల వెనుకటి క్యాసెట్టులో పట్టినంత కూడ అందులో పట్టలేదు! 2001 అక్టోబరు 23న ఆపిల్ సంస్థ 5 గిగాబైట్ల ఐపాడ్‌ను ప్రకటించి, వేయి పాటలు పట్టునని చెప్పినది. పాటకు నాలుగు నిమిషములు, 160 కిలోబిట్ల ప్రమాణము అని లెక్క వేసినచో ఆ మాట నిజమే. 2007లో చోటు 160 గిగాబైట్లకు, పాటల లెక్క నలువది వేలకు పెరిగినది. దినమునకు రెండు గంటల చొప్పున వినువానికి అవి ఒక్కసారి పూర్తియగుటకు మూడున్నర సంవత్సరములకు పైగా పట్టును.

అయితే కొనువారందరును పెద్దదానినే కోరలేదు. 2005లో ఐపాడ్ నానో 2, 4 గిగాబైట్లతోనే వచ్చి విశేషముగా ఆదరింపబడినది. అందులో తిరుగు పళ్లెము లేదు. అందుచేత కుదుపులకు భయము లేదు, బరువును తక్కువ.

కావున పాటల లెక్కను నమ్ముటకన్న గంటల లెక్క వేసికొనుట మేలు. మూడు గంటల కచేరీకి 128 కిలోబిట్ల ప్రమాణమున సుమారు 173 మెగాబైట్లు చాలును. కుదింపు లేకుండ ఉంచినచో అదే కచేరీకి దాదాపు 1.9 గిగాబైట్లు కావలెను. 4 గిగాబైట్ల యంత్రములో మొదటి విధమున ఇరువదికి పైగా కచేరీలు, రెండవ విధమున రెండు మాత్రమే పట్టును. సినిమాపాటలు వినువారికిని, కచేరీలు వినువారికిని ఒకే కొలత సరిపోకుండుటకు కారణమిదియే. మరియొక మాట: తయారుచేయువారు వేయింటి లెక్కన, కంప్యూటరు 1,024 లెక్కన కొలుచుటచే 160 అని వ్రాసిన యంత్రము తెఱచి చూచినప్పుడు 149 అని కనబడుట కలదు. అది మోసము కాదు.

2014లో ఐపాడ్ క్లాసిక్, 2022లో చివరి ఐపాడ్ అంగడులనుండి వైదొలగినవి. ఇప్పుడు ఫోనే సంగీతపుపెట్టె. కాని సంకేతములు అందని దారిలో వినుటకు పాటలు దాచుకొనువారికి ఆ పాత ప్రశ్నయే ఎదురగుచున్నది.

మేము ఇచ్చు సమాధానమొక్కటే. నెలకు మీరు నిజముగా వినునది ఎన్ని గంటలో చూడుడు. ప్రియమైన సంగీతమును కోయకుండ, నాణ్యమును మితిమీరి తగ్గింపకుండ నిలుపుటకు తగినంత చోటు కొనుడు. దానిపై నాలుగవ వంతు మిగులు చాలును. జేబుయంత్రము పోవచ్చును, చెడవచ్చును. కావున ఇంటిలో వేరొక ప్రతి తప్పక ఉంచుకొనుడు. మూడు నిమిషముల పలకను అరుగువఱకు విన్న మన పెద్దలకు అందులోని ప్రతి గమకము కంఠతా వచ్చెడిది. ఆలాపన మొదలుకొని మంగళమువఱకు కచేరీ యంతయు జేబులో ఉంచుకొను భాగ్యము వారికి లేకపోయినది. మనకు ఆ రెండును సాధ్యమే.