సింగరాయకొండలో అప్పు ఎలా పుడుతుంది?

సింగరాయకొండ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి కొండమీద వరాహ లక్ష్మీనరసింహస్వామి, కింద రైలు స్టేషను, తూర్పున పాకల సముద్రం. ఇక్కడ సేద్యం చేసేవాడి బుర్రలో ఉండే ఊరు వేరు. అందులో బ్యాంకు, సొసైటీ, పురుగుమందుల కొట్టు, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రాంసరీ నోటు రాయించుకునే ఇల్లు ఉంటాయి. ఈ నాలుగింటి మధ్య ఎవరు ఏ గుమ్మం ఎక్కగలరన్నదే ఇక్కడి వ్యవసాయ చరిత్రలో సగం.

పెట్టుబడికి అదనుంటుంది. ఈ ప్రాంతానికి అసలు వాన ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. పొగాకు నాట్లు, శనగ విత్తనం అక్టోబరు, నవంబరుల్లో పడాలి. పదును ఆరిపోయాక మంజూరైన రుణం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వడ్డీవ్యాపారి బలమంతా ఇక్కడే ఉంది. అతను అర్ధరాత్రి తలుపు కొట్టినా నోటు రాయించుకుని డబ్బు ఇస్తాడు.

1970 ఫిబ్రవరి దాకా ఈ ఊరు నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలోది. తెల్లవాళ్ల కాలంలో రైతుకు సర్కారు అప్పంటే తక్కావీ. కరువొచ్చినప్పుడు, బావి తవ్వుకోవాలన్నప్పుడు 1883, 1884 చట్టాల కింద ఇచ్చేవారు. అది అడిగినవాళ్లందరికీ అందేది కాదు. మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా దేశాల రైతు బ్యాంకులను పరిశీలించి 1895, 1897ల్లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. జర్మనీలో రైఫైజన్ పెట్టిన పల్లె పరపతి సంఘాల్లాంటివి ఇక్కడా రావాలన్నది దాని సారం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. నేటి సొసైటీకి మూలం అదే.

తర్వాతి మలుపు 1938లో. రాజాజీ మంత్రివర్గం, అందులో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. ఆయన ఇంటిపేరులోని టంగుటూరు సింగరాయకొండకు పక్క ఊరే. ఆ మంత్రివర్గం తెచ్చిన వ్యవసాయదారుల రుణవిముక్తి చట్టం, 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. అసలుకు రెట్టింపు కట్టేసినవాడికి ఆ పాత బాకీ చెల్లిపోయినట్టే. మంచి చట్టమే. కానీ దాని ఫలం ఎక్కడికి చేరింది? 1946లో బి.వి. నారాయణస్వామి నాయుడు మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ రుణాల మీద ఇచ్చిన విచారణ నివేదికలో ఒక సంగతి తేలింది. యుద్ధకాలపు ధరలతో పెద్ద రైతుల అప్పు తగ్గింది, కౌలుదార్లు, కూలీల తలసరి అప్పు పెరిగింది. ఆ ఒక్క ఫలితాన్ని దగ్గర పెట్టుకుంటే, ఆ తర్వాత వచ్చిన పథకాలన్నీ ఎటు పోయాయో చాలావరకు ముందే ఊహించవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చాక గ్రామీణ పరపతి మీద గోర్వాలా కమిటీ 1951-52లో దేశమంతటా సర్వే చేసింది. రైతు అప్పులో సహకార సంఘాల వాటా మూడు శాతం చిల్లర, బ్యాంకులది ఒక శాతం కూడా లేదు. 1969 జులైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1982లో నెల్లూరు కేంద్రంగా నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పినాకినీ గ్రామీణ బ్యాంకు వచ్చింది. 2006లో అది ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకులో, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. సహకార రంగంలో దీర్ఘకాలిక, స్వల్పకాలిక రుణాలను ఒకే చోట ఇచ్చే సింగిల్ విండో పద్ధతి 1987లో మొదలైంది. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చింది. గుమ్మాలకు కొదవ లేదు.

కొదవంతా కాగితానికే. పట్టాదారు పాస్‌పుస్తకం 1971 నాటి చట్టం కింద వచ్చింది. బ్యాంకు అడిగేది ఆ పుస్తకం, 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు. తాత పేరున ఉన్న భూమిని ముగ్గురు కొడుకులు నోటిమాట మీద పంచుకుని దున్నుకుంటుంటే ముగ్గురిలో ఎవరికీ పుస్తకం ఉండదు. పాకల వైపు ఇసుక నేలల్లో అరెకరం, ఎకరం ముక్కలు ఎన్నో ఇలాగే నడుస్తాయి. 1984లో కరణం పోస్టు రద్దయింది. కరణాల పెత్తనం పోవడం న్యాయమే అయినా, ఏ గట్టు ఎవరిదో నోటికి చెప్పగల మనిషి కూడా దానితోపాటే పోయాడు. 2015 నుంచి మీభూమి వెబ్‌సైటులో రికార్డు ఇంట్లోనే కనిపిస్తోంది. తప్పుంటే అదీ కనిపిస్తోంది. దిద్దించుకోవాలంటే మాత్రం ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే.

కాగితం సరిగ్గా ఉన్నవాడికి అప్పు ఎంత సులువో పొగాకు చూపించింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. అంతకు ముందు వ్యాపారి అడ్వాన్సు ఇచ్చేవాడు, ధర కూడా వ్యాపారే చెప్పేవాడు. 1980ల నడుమ వేలం కేంద్రాలు వచ్చాయి. ఈ చుట్టుపక్కల టంగుటూరు, కందుకూరు, కొండపి, ఒంగోలు కేంద్రాలున్నాయి. పొగాకు కాల్చే బ్యారన్‌కు రిజిస్ట్రేషన్ ఉంటే ఆ బ్యారన్ మీద బ్యాంకు రుణం పుడుతుంది. వేలంలో బేళ్లు అమ్ముడుపోయాక సొమ్ములోంచి బ్యాంకు తన బాకీ పట్టుకుంటుంది. వసూలుకు దారి ముందే వేసి ఉంది కాబట్టి బ్యాంకు వెనకాడదు. అయితే ధర పడి, బేళ్లను ఎవరూ పాడక నోబిడ్ అయి వెనక్కొస్తే ఈ గొలుసంతా తెగుతుంది. 2015లో తెగింది. ఆ ఏడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుల ఆత్మహత్యలు వరసగా జరిగాయి.

శనగదీ ఇదే దారి. 2012 తర్వాత ధర కుప్పకూలినప్పుడు, పంటను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆ నిల్వ మీద అప్పు తీసుకున్న రైతులకు వేలం నోటీసులు వచ్చాయి.

ఇక కౌలు. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు చేసే రైతునొకణ్ని అనుకుందాం. రెండెకరాలకు బ్యాంకు రుణం వస్తుంది. సకాలంలో కడితే కేంద్ర రాయితీ పోను వడ్డీ 4 శాతమే. నాలుగెకరాలకు మాత్రం రాదు. ఎందుకంటే ఆ సర్వే నంబర్ల మీద ఒంగోల్లోనో హైదరాబాదులోనో ఉండే యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే నేల మీద బ్యాంకు రెండు పంట రుణాలివ్వదు. పంట పండించేవాడికి రావలసిన చవక వడ్డీ పండించని చేతికి చేరుతుంది, పండించేవాడు నోటు రాస్తాడు. లక్ష రూపాయలకు ఎనిమిది నెలల వడ్డీ 4 శాతం లెక్కన 2,667 రూపాయలు. నెలకు నూటికి రెండు లెక్కన 16,000. దీనికి పైన ముందస్తు కౌలు. ఆ కౌలు కట్టడానికే మొదటి నోటు రాసేవాళ్లున్నారు.

దీన్ని సరిచేయాలని 2011లో సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులిచ్చారు. గడువు ఏడాది. యజమాని సంతకం అక్కర్లేదన్నారు, బ్యాంకులు మాత్రం యజమాని పాత రుణం చూపించి వెనక్కు పంపాయి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఈసారి పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం. సంతకం పెట్టమంటే యజమానికి 1956 కౌలు చట్టం గుర్తొస్తుంది, భూమి చేజారుతుందన్న భయం పట్టుకుంటుంది. ఇటు జాతీయ రహదారి, అటు రామాయపట్నం ఓడరేవు పనులతో సెంటు ధర చూసుకుంటున్న మనిషిని కౌలు కాగితం మీద సంతకం అడగడం కష్టమే. ఎక్కువ గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుంది. రెండు చట్టాల్లో మొదటిదే నయం. దాన్ని బ్యాంకుల చేత అమలు చేయించలేకపోవడం చట్టం లోపం కాదు.

సొంత భూమి ఉన్నవాడూ తేలిగ్గా బయటపడడు. గడువు రోజున పాత రుణం కట్టి కొత్తది రాయించుకోవాలి. కట్టడానికి చేతిలో డబ్బుండదు. ఒకటి రెండు రోజులకు ప్రైవేటు ఫైనాన్సు నుంచి తెచ్చి, ఇటు కట్టి, అటు తీసుకుని, ఫైనాన్సుకు తిరిగిచ్చేస్తాడు. బ్యాంకు లెక్కలో అది సక్రమంగా కట్టిన రుణం, కొత్తగా ఇచ్చిన రుణం కూడా. రైతు జేబుకు మిగిలింది ఫైనాన్సు కమిషన్ ఖర్చు. అదీ కుదరనప్పుడు ఇంటావిడ మెడలో గొలుసు బ్యాంకు లాకర్‌కు చేరుతుంది. తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది. అయినా బంగారం పెడితే గంటలో డబ్బు చేతికొస్తుందని రైతులు అటే మొగ్గుతారు.

మాఫీలూ కాగితం వెంటే నడిచాయి. 2008లో కేంద్రం రెండు హెక్టార్ల లోపువాళ్ల బ్యాంకు బాకీలు రద్దు చేసింది. 2014 తర్వాత రాష్ట్రం కుటుంబానికి లక్షన్నర వరకు విడతలుగా తీర్చడం మొదలుపెట్టింది. ఎరువుల కొట్టు ఖాతా మాఫీ కాలేదు, నోటు మాఫీ కాలేదు. 2019 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు బాకీ 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. దేశ సగటు 74,121.

2025లో నల్లబర్లీ పొగాకు ఇదే కథను ఇంకో వైపు నుంచి చూపించింది. వర్జీనియా పొగాకుకు ఉన్న వేలం కేంద్రం ఈ రకానికి లేదు. ముందటేడు ధర బాగుందని, కంపెనీలు కొంటాయన్న ధీమాతో ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో విరివిగా వేశారు. పంట చేతికొచ్చాక కంపెనీలు వెనకడుగు వేశాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. నోటు వడ్డీ మాత్రం ఆ కొనుగోలు కోసం ఆగలేదు. అక్టోబరు రాగానే పొగాకు వెయ్యాలా, శనగ వెయ్యాలా అన్నదానికంటే ముందు, దేనికి ఎక్కడ అప్పు పుడుతుందో అడిగి తెలుసుకోవడంతోనే ఇక్కడ సేద్యం మొదలవుతోంది.