బలహీనమైన కాలు – 1950 నాటి ఒక ఫుట్‌బాల్ విజయం

మన కాగజ్‌నగర్ ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలోని ఊరు. ఆ సంస్థానం 1948 సెప్టెంబరులో భారతదేశంలో విలీనమయ్యింది. అటు తరువాత రెండేండ్లకే, 1950లో, హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు పేరు దేశమంతటా మారుమ్రోగింది.

ఆ జట్టుకు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. వీరు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొన్నవారు, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన పెట్టిన కొన్ని పోటీలలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెను. మరికొన్నింటిలో బంతిని తనవద్ద ఉంచుకొనక వెంటనే తోటివానికి అందించవలెను. నేర్పు గలవాడు ఒక్కడే ఆడితే చాలదని ఆయన తలంపు.

ఆ యేడు ఈ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్‌తో తలపడగా ఆట సమంగా ముగిసింది. మరల ఆడి 1-0తో నెగ్గారు. రోవర్స్ కప్పునైతే 1954 వరకు వరుసగా ఐదుసార్లు చేజిక్కించుకొన్నారు.

రహీంగారి శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలు పొందింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. 1963 జూన్ 11న ఆయన కాన్సరుతో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, ఆ పంతులుగారు బలహీనమైన కాలిని విడిచిపెట్టలేదు. దానికే ఎక్కువ సాధన ఇచ్చారు. మన బడిలో, మన సండేస్కూలులో వెనుకబడిన బిడ్డను చూచినప్పుడు ఈ సంగతి జ్ఞాపకం చేసికొందము.